వెనక సీటు

ఇవానో బోర్తొలోత్తి పొడవాటి కత్తి తీసుకుని, మట్టితో చేసిన మోటార్‌సైకిల్ నమూనా మీద వెనక సీటును అడ్డంగా కోసేశాడు. ఆ సీటు చేసింది మిరెల్లా. కోసిన ముద్దను ఒకసారి ఎగరేసి పట్టుకుని, చెత్తబుట్టలో పడేశాడు.

“ఇప్పుడు మోటార్‌సైకిల్లా ఉంది. ఇందాక మా నాయనమ్మ సోఫాలా ఉండింది.”

చుట్టూ నిలబడ్డవాళ్ళు నవ్వారు. ఇటలీలో, బొలోన్యా శివార్లలోని ఆ బళ్ళ కర్మాగారంలో ఇవానో ప్రధాన రూపశిల్పి. ఆయన నవ్వితే మిగతావాళ్ళు నవ్వడం అక్కడ అలవాటు.

మిరెల్లా నవ్వలేదు. ఆమె చట్రం ఇంజినీరు. పందెం బండిలా వంపుల్లో ఒరగాలి, ఇద్దరు మనుషులతో, సామాన్లతో రోజంతా సాగాలి. ఈ రెండూ ఒకే బండిలో కుదరాలని ఆమె వెనక చట్రం కిందికి దించింది, సైలెన్సర్ జరిపింది, వెనక మనిషి కాళ్ళకు చోటు చేసింది. బండి తోక సన్నగా పైకి లేచి కనిపించాలని ఆయన అదంతా తీసేయించాడు. వెనక కూర్చున్నవాళ్ళు పట్టుకునే పిడుల్ని కూడా పీకించాడు.

“బోర్తొలోత్తి గారూ, ఆ సీటు మీద మీరెప్పుడైనా కూర్చున్నారా?”

“నేనెప్పుడూ ముందే కూర్చుంటాను, ఇంజినీరమ్మా.”

మళ్ళీ నవ్వులు. మిరెల్లా చెవులు ఎర్రబడ్డాయి.

“అయితే రేపు నా వెనక కూర్చోండి. ఫూతా కనుమ దాటి బోర్గో దాకా. దిగాక కూడా ఇదే సీటు ఉండాలని మీరంటే, దీనికి అచ్చులు పోయడానికి నేనే సంతకం పెట్టి ఈ ఉద్యోగం మానేస్తాను.”

“మానేసి ఏం చేస్తావు?”

“కుట్టుమిషన్లు చేసే చోట చేరతాను. వాళ్ళు కనీసం కూర్చునేవాళ్ళ గురించి ఆలోచిస్తారు.”

ఈసారి ఎవరో ఆయన వెనక కిసుక్కుమన్నారు. అంతమంది ముందు తగ్గే మనిషి కాదు ఇవానో.

“సరే. కాస్త గట్టిగా నడుపు, నాకు నిద్రపట్టకుండా.”

మర్నాడు పొద్దున్నే బయల్దేరారు. పరీక్షల కోసం కట్టిన బండికి అంతకుముందే ఆయన గీసిన తోక బిగించి ఉంది. ఎక్కి కూర్చోగానే ఆయన మోకాళ్ళు పొట్టకు ఆనుకున్నాయి.

“బాగుందా?” అంది మిరెల్లా.

“బ్రహ్మాండం. పోనీ.”

పియానోరో ఊరు దాటాక కొండదారి మొదలైంది. వంపు వంపుకీ ఆమె బ్రేకు వేస్తే ఆయన జారి వచ్చి ఆమె వీపుకు గుద్దుకున్నాడు. మళ్ళీ వేగం అందుకుంటే వెనక్కి పడబోయాడు. పట్టుకోవడానికి ఆమె కోటు తప్ప ఇంకేం లేదు. సైలెన్సర్ వేడికి బూట్లు కాలుతున్నాయి. పక్కకు జరుపుదామంటే కాళ్ళకు చోటు లేదు.

“కొంచెం మెల్లగా,” అన్నాడు మొదట. తర్వాత, “ఓసారి ఆపు” అన్నాడు. ఆ తర్వాత ఏమన్నాడో గాలికి వినబడలేదు.

మిరెల్లా కావాలని వేగం పెంచలేదు. ఆయన గీసిన బండి ఎలా పోవాలో అలాగే పోనిచ్చింది. కావాలని చేసింది ఒక్కటే, ఎక్కడా ఆపలేదు. రాతికోజా కనుమ పైన మోటార్‌సైకిళ్ళ వాళ్ళంతా ఆగి కాఫీ తాగేచోట ఆయన ఆమె భుజం మీద దబదబా బాదాడు. ఆమె అక్కడున్న స్నేహితులకు చెయ్యి ఊపి ముందుకు సాగిపోయింది. ఆయన పిడికిళ్ళు కోటును బిగించిన కొద్దీ ఆమెకు హాయిగా ఉంది. కత్తి మట్టిలో దిగిన చప్పుడు గుర్తొచ్చి, ఆగాలనిపించలేదు.

బోర్గో కూడలిలో ఆగాక ఆయన కాలు ఎత్తలేకపోయాడు. చంకల కింద చేతులు వేసి ఆమే దించాల్సి వచ్చింది. పక్కనున్న అరుగు మీద వాలి, హెల్మెట్ తీశాడు.

“ఇదే సీటా?” అంది ఆమె నిలబడే.

“నీ సీటే పెట్టు. పిడులు కూడా.”

“ఈ మాట అందరి ముందూ చెప్పాలి.”

“చెప్తాను.”

నిన్నటి నుంచీ ఆమెకు కావలసింది అదే. కానీ ఆయన అక్కడితో ఆగలేదు. బండి వెనక భాగాన్నే చూస్తూ, “నేను గీసిన ప్రతి బండి మీదా మా ఆవిడ లొరేనాను వెనక ఎక్కించుకుని తిరిగాను. దిగి కుంటుతుంటే, నీకు ఒళ్ళు వంగదే అని ఎగతాళి చేశాను,” అన్నాడు.

జేబులోంచి ఫోను తీశాడు. ఇంటి నంబరు నొక్కాడు.

“లొరేనా, నేనే... ఏం కాలేదు, క్షేమమే... నన్ను క్షమించు. ఎందుకంటే ఏం చెప్పను, వెనక సీటు గురించి... అవును, అన్ని వేసవులూ. నిజమే, చెప్పావు. చాలాసార్లే చెప్పావు.”

మిరెల్లా మొహం తిప్పుకుంది. ఆమె కోపం అప్పటికే చల్లారింది. ఈ మనిషిని మళ్ళీ అన్ని వంపులు తిప్పడం ఇక తనవల్ల కాదనిపించింది.

ఇవానో ఫోను ఆమెకు అందించాడు. “నీతో మాట్లాడుతుందట.”

“నడిపింది నువ్వేనా అమ్మా?” అంది అవతలి గొంతు, నెమ్మదిగా.

“అవునండీ.”

“బాగా నొప్పిగా ఉందా ఆయనకి?”

“లేవలేకపోతున్నారు. ఇక్కణ్ణుంచి రైలెక్కించి పంపేద్దామనుకుంటున్నాను.”



“రైలెందుకమ్మా? నన్ను అలాంటి సీటు మీదే దేశం చివర సిసిలీ దాకా తీసుకెళ్ళాడు, రానూ పోనూ. నువ్వు బోర్గోలోనే ఆగిపోయావేం?”