కొరియర్‌లో పోయిన నిద్ర

నెలల బిడ్డతో కంటిమీద కునుకు లేని మా చెల్లెలు కోమలికి, నా మధ్యాహ్నపు నిద్ర ఒకటి డబ్బాలో పెట్టి కొరియర్ చేశాను. ఈ రోజుల్లో అందరూ పంపుకుంటున్నదే. వారమైనా చేరలేదు. నరసరావుపేట ఆఫీసుకెళ్లి గొడవకు దిగాను.

"పరిహారంగా కంపెనీ నిద్ర రెండు పూటలకి ఇస్తామమ్మా," అంది కౌంటర్లో ఆవిడ.

"కలల్లేని ఆ చప్పిడి నిద్ర ఎవరిక్కావాలి? నాది నాకివ్వండి."

వెనకాల పార్శిళ్లు సర్దుతున్న మస్తానయ్య తలొంచుకుని ముందుకొచ్చాడు. యాభై దాటిన మనిషి, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"డబ్బా మూత ఊడిందమ్మా. బిగించబోయి నేనే నిద్రపోయాను. కలలో ఇద్దరు ఆడపిల్లలతో చింతపిక్కలాడి ఓడిపోయాను."

నా కోపం సగం దిగిపోయింది. "చిన్నది తొండి చేసుంటుంది."

"అవునమ్మా. ఒక పిక్క పావడా మడతలో దాచింది."

ఫారంలో పరిహారం గడి కొట్టేసి, కోమలికి ఫోన్ కలిపి, స్పీకర్లో పెట్టి ఆయన చేతికిచ్చాను. "ఆ కలంతా మా చెల్లికి చెప్పండి. అంతే చాలు."

చల్లటి గచ్చు దగ్గర మొదలుపెట్టి, పిక్కల చప్పుడు దాకా నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. అటునుంచి మొదట నవ్వు వినిపించింది, తర్వాత ఊ కొట్టడం, ఆ తర్వాత సన్నటి గురక.

మస్తానయ్య చెప్పడం ఆపలేదు. గొంతు మాత్రం తగ్గించాడు.