నిమ్మకాయ కట్టిన పిన్ను

డాష్‌బోర్డు మీద మంట గుర్తున్న ఎర్ర లైటు వెలిగింది. ఆ వెంటనే అలారం మొదలైంది. ఆ మోతకి వాకాడులో నిద్రపోతున్న కుక్కలు లేచి చిట్టమూరు దాకా ఆగకుండా పరిగెత్తాయి.

పెంచల్ చెయ్యి తాళం మీదే ఉండిపోయింది.

"ఇంకా స్టార్టే చెయ్యలేదే! మంటేందబ్బా?"

అద్దంలో చూశాడు. బస్సు వెనకాల, ఇంజన్ ఉన్నచోట, తెల్లగా మబ్బులా లేస్తోంది.

"పొగ!" అని అరిచాడు ముందు సీట్లో క్రీస్తురాజు.

శ్రీహరికోటలో రాకెట్ చూడ్డానికి బయల్దేరిన జనమంతా ఒక్కసారిగా లేచారు. లేవడానికి చోటు లేనివాళ్ళు కూడా లేచారు. వెనక తలుపు ఆ తెల్లటి మబ్బులో ఉంది. ముందు తలుపు మెట్ల మీద పెంచల్ తల్లి గురవమ్మ కుంకుమ భరిణె పట్టుకుని నిలబడి ఉంది. పొద్దున్నుంచీ ఆమె కొత్త బస్సుకి పూజ చేస్తూనే ఉంది.

పెంచల్‌కి బస్సుకి మంటలార్పే సిలిండర్ బిగించినతను చెప్పిన మాటలు గుర్తొచ్చాయి. 'ఇంజన్ చుట్టూ తిరిగే ఈ ట్యూబు వేడి తగిలితే దానంతటదే పేలి పొడి చల్లుద్ది. అది పేలకపోతే నువ్వు ఈ పిన్ను లాగి ఎర్ర బటన్ నొక్కు. అంతే.'

స్టీరింగ్ పక్కనున్న పిన్ను కోసం చెయ్యి చాపాడు. చేతికి నిమ్మకాయ తగిలింది. దాని కింద మిరపకాయలు. దాని కింద ఇంకో నిమ్మకాయ.

"అమా! పిన్నుకి ఏంది కట్టినావు?"

"దిష్టికి నాయనా. ఆ ఉంగరం భలే అనువుగా ఉండాది."

"విప్పు ముందు!"

"విప్పితే అరిష్టంరా. మన పడవకి ఎవుడో విప్పినాడు, ఏమైందో చూసినావు గదా?"

"ఆ పడవ అమ్మే గదమా ఈ బస్సు కొన్నాం!"

"మరి? పడవ పోవడం అరిష్టం కాదా?"

పెంచల్ ముడి మీద పడ్డాడు. అది మామూలు దారం కాదు, వల అల్లే నైలాను తాడు. వేసింది మామూలు ముడీ కాదు, పడవని రేవుకి కట్టే ముడి. తుఫానులు వచ్చి, ఆ ముడిని చూసి, తిరిగి వెళ్ళిపోయిన సందర్భాలున్నాయి.

"కత్తి! ఎవురి దగ్గరైనా కత్తి ఉండాదా?"

"రాకెట్ చూసేదానికి కత్తెందుకు తెస్తామన్నా?" అన్నాడు క్రీస్తురాజు. "తొందరగా కానీయన్నా! నువ్వు ముడి విప్పేలోపు ఆ రాకెట్ చందమామ మీద దిగిపోద్ది. మనం దానికన్నా పైకి పోతాం."

వెనక్కి చూస్తే ఆఖరి సీట్లు కనిపించడం లేదు. ఎవరో దగ్గుతున్నారు. ఎవరో ఏడుస్తున్నారు. పడవా లేదు, ఇప్పుడు బస్సూ పోతే ఇంక ఏమీ లేదు. పెంచల్ తాడుని పళ్ళతో పట్టి కొరికాడు. తాడుకన్నా ముందు మిరపకాయ తెగింది. నోరు భగ్గుమంది. ఆ మంట ఆర్పడానికి మాత్రం బస్సులో ఏ ఏర్పాటూ లేదు.

కళ్ళల్లో నీళ్ళు కారుతుండగా ఇంకోసారి కొరికాడు. తాడు తెగింది. పిన్ను ఊడింది. బటన్ నొక్కాడు.

టిక్.

ఏమీ కాలేదు. పిడికిలితో గుద్దాడు. మళ్ళీ టిక్.

"పనిచెయ్యలా! అందరూ దిగండి! అమా, అడ్డం లే!"

జనం ఒకరి మీద ఒకరు పడుతూ దిగారు. గురవమ్మ వాళ్ళతో పాటు, తన ప్రమేయం లేకుండానే, రోడ్డు అవతల దాకా వెళ్ళిపోయింది. అందరూ దిగాక పెంచల్ ఇసుక బకెట్టు పట్టుకుని వెనక్కి పరిగెత్తాడు. క్రీస్తురాజు వద్దంటున్నా వినకుండా ఇంజన్ తలుపు లాగేశాడు.

మంట లేదు. లోపలంతా తెల్లటి పొడి. ఇంజన్‌కి సున్నం కొట్టినట్టుంది. చుట్టూ తిరిగిన ట్యూబు ఒకచోట కరిగి చిల్లుపడింది.

"ముందే పేలిందన్నా ఇది!" అన్నాడు క్రీస్తురాజు. "అందుకే ఆ లైటు వెలిగింది. మనం పొగనుకుంది ఈ పొడే. సిలిండర్ ఖాళీ అయినాక నువ్వు బటన్ నొక్కితే ఏమొస్తాది?"

పెంచల్ రోడ్డు మీదే కూలబడ్డాడు. బస్సు బతికింది. నోరు ఇంకా మండుతూనే ఉంది.

"బాగానే ఉండాది. స్టార్ట్ చెయ్యని బండికి మంట యాడి నుంచి వచ్చింది?" అన్నాడు.

అప్పటికి గురవమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. వంగి ఇంజన్ పక్కకి చెయ్యి పెట్టి, తెల్లగా పొడి పట్టిన ఇత్తడి పళ్ళెం ఒకటి బయటికి లాగింది. దాని మీద సగం కాలిన కర్పూరం గుప్పెడుంది. అందరి వైపూ కోపంగా చూసింది.

"కొత్త బండికి నేనిచ్చిన హారతిని ఆర్పింది ఎవుర్రా?"