ఆకుపచ్చ కార్డు

"ముందు నోట్లో బిస్కెట్టు తీయించమ్మా. అదీ తూకంలోకే వస్తుంది," అంది నర్సమ్మ.

లాండ్రీలో ఇస్త్రీ చేసే ఆవిడ, కూతురి నోట్లోంచి బిస్కెట్టు తీసి తన నోట్లో వేసుకుంది. పిల్ల స్వెట్టరు విప్పింది. చెప్పులు విప్పింది. పిల్లకి రెండేళ్లు. తూకం మిషను మీద కూర్చోబెట్టింది.

"తొమ్మిదిన్నర కిలోలు. తొమ్మిది దాటింది కాబట్టి ఆకుపచ్చ కార్డు. తరవాత ఎవరు?"

ఆ ఆరోగ్య కేంద్రంలో మంగళవారం పూట వందమంది పిల్లల్ని తూచాలి. ఒకర్ని దించుతుండగానే ఇంకొకర్ని ఎక్కించేస్తారు తల్లులు. అది నర్సమ్మ పెట్టిన పద్ధతి. ఆవిడ తలెత్తి ముల్లు చూస్తుంది, తలొంచి రాస్తుంది. ఇంతవరకూ ఒక్క అంకె కొట్టేసి దిద్దింది లేదు.

"ఇంకోసారి చూడండమ్మా," అంది ఇస్త్రీ ఆవిడ. "నోటి మూలలు పగిలాయి. జుట్టు ఎర్రబడింది. పొద్దుగూకితే చాలు, గుమ్మం కనపడక పడిపోతోంది. పెద్దాసుపత్రిలో మూడు వారాలు ఉంచుకుని మందులిచ్చి బాగు చేస్తారంట. ఎర్ర కార్డు లేదని గేటు దగ్గరే తిప్పి పంపేశారు."

"ఎర్ర కార్డు ఇచ్చేది నేను కాదమ్మా, ముల్లు."

"రోజూ బట్టల మూటలు ఎత్తే చెయ్యమ్మా నాది. నాలుగు చొక్కాలు తక్కువైనా చెప్పేస్తాను. ఇది ఏడున్నర కిలోల పిల్ల."

"కన్నతల్లి చేతికి బిడ్డ ఎప్పుడూ తేలికే," అంది నర్సమ్మ. వరసలో ఉన్నవాళ్లు నవ్వారు.

ఇంటికెళ్తే అత్తగారు అందుకుంది. "ఆకుపచ్చ కార్డు ఇస్తే ఎర్రది కావాలని పేచీ పెట్టావంటగా. ఏమే, ఆసుపత్రిలో మూడు వారాలు కూర్చుని తిందామనా?"

"తల్లులకి పెట్టరంట అత్తయ్యా అక్కడ."

"మరింకెందుకే వెళ్లడం?"

పై మంగళవారం ఆఫీసరుగారు వచ్చారు. ఒకప్పుడు ఆ కేంద్రంలో నెలకి పది పదిహేను ఎర్ర కార్డులు ఉండేవి. ఎనిమిది నెలలుగా ఒక్కటీ లేదు. అందుకని నర్సమ్మకి షీల్డు తెచ్చారు. ఆయన ఉపన్యాసం ఎత్తుకోబోతుంటే ఇస్త్రీ ఆవిడ పిల్లని భుజాన వేసుకుని తిన్నగా వెళ్లి ఎదురుగా నిలబడింది.

"అయ్యా, దీన్ని మీరొక్కసారి తూచండి. మీరెంత చెబితే అంత."

నర్సమ్మ మొహం మాడ్చుకుంది. ఆఫీసరుగారు మాత్రం మంచాయన. కళ్లజోడు తుడుచుకుని లేచాడు. మిషను మీదున్న పిల్లాణ్ణి వాళ్లమ్మ దించుతుంటే, ఆ జాగాలో ఈవిడ కూతుర్ని కూర్చోబెట్టింది. పిల్ల ఏడవలేదు. కొత్తవాళ్లని చూసి ఏడవడం మానేసి నెలయింది.

ఆఫీసరుగారు వంగి ముల్లు చూశాడు. మోకాళ్ల మీద కూర్చుని మళ్లీ చూశాడు.

"తొమ్మిదిన్నర," అన్నాడు. "పిల్ల బాగానే ఉంది తల్లీ. మిషనుకి నీ మీద పగా, ఆవిడ మీద ప్రేమా ఉండవు కదా."

అందరూ చప్పట్లు కొట్టారు. ఇస్త్రీ ఆవిడ కూతుర్ని ఎత్తుకుంది. ఒకసారి అరచేతుల్లో పైకి ఎగరేసినట్టు చేసి చూసుకుంది. మూటలు మోసీ మోసీ చెయ్యి మొద్దుబారిందేమో అనిపించింది మొదటిసారి.

"తప్పయిపోయిందమ్మా," అంది నర్సమ్మతో.

"పోనీలే. కాస్త ఆకుకూర పెట్టు, పొద్దున పూట ఎండలో తిప్పు. రా, ఫొటోలో నువ్వూ నిలబడు."

అందరూ వరండాలోకి వెళ్లారు, గదిలో ఖాళీగా మిగిలిన తూకం మిషను మీద ముల్లు రెండు కిలోల దగ్గర నిలబడి ఉంది.