ఒక్క కిక్కు

“ఆ ఎలక్ట్రానిక్ సామానేదో పెట్టించేట్టయితే బండి తాళం అడక్కు,” అన్నాడు తండ్రి.

కూతురి చేతిలో రెండు కాగితాలున్నాయి. పాతకాలపు మోటార్ సైకిళ్లకి బిగించే రెండు రకాల ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ల వివరాలు, బొమ్మలతో సహా. సోమవారం నుంచి ఆమెకు ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం. పొద్దున ఆరింటికల్లా పద్దెనిమిది కిలోమీటర్ల అవతల ఉండాలి. మొదటి బస్సే ఏడింటికి. ఇంట్లో ఉన్నది ఈ ఒక్క బండి. అది ఆమె కంటే పాతికేళ్లు పెద్దది.

“దారిలో ఆగిపోతే ఎవర్ని పిలవను నాన్నా? మొదటి ఆర్నెల్లలో మూడుసార్లు ఆలస్యమైతే తీసేస్తామని ఆర్డర్లోనే రాశారు.”

“ఎందుకాగుతుంది? పదేళ్లుగా ఒక్క కిక్కు. ఎండైనా వానైనా ఒక్కటే. రెండో కిక్కు కొట్టగా ఎప్పుడైనా చూశావా?”

“నా చిన్నప్పుడు స్కూలు దాకా తోసుకుంటూ పోయిన రోజులు చూశాను.”

“అవి నాకు పాయింట్ల విలువ తెలియని రోజులు.”

పాయింట్లంటే ఇంజను పక్కన గుండ్రటి మూత కింద ఉండే రెండు బుల్లి లోహపు ముక్కలు. అవి విడివడినప్పుడల్లా ప్లగ్గులో నిప్పురవ్వ పుడుతుంది. వాటి మధ్య సందు వెంట్రుకవాసి తేడా వచ్చినా బండి మొండికేస్తుంది. ఎలక్ట్రానిక్ రకంలో ఆ ముక్కలే ఉండవు, కాబట్టి అరగడమూ ఉండదు. ఈ సంగతి తండ్రికి తెలుసు. తెలిసే వద్దంటున్నాడు. ముప్పై ఏళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మనిషి. కంటితో చూసి చేత్తో సరిచేసిందే నిలుస్తుందని ఆయన నమ్మకం. సందు కొలిచే సన్నటి రేకు ఇప్పటికీ చొక్కా జేబులో పెన్ను పక్కనే ఉంటుంది.

“పోనీ ఆ సందేదో సరిచెయ్యడం నేర్పు. నేనే చేసుకుంటాను.”

“నేనే ముట్టుకోను, నీకేం నేర్పను? ఒక చేతికి అలవాటైన పాయింట్లు ఇంకో చేతికి లొంగవు. మేస్త్రీ మాట అది. పదేళ్లయింది నేను ఆ మూత తీసి.”

సలహా కోసం పిలిపించిన మెకానిక్ మేస్త్రీ పక్కనే నిలబడి, శుభ్రంగా ఉన్న చేతుల్నే గుడ్డతో తుడుచుకుంటున్నాడు.

“మీరు చెప్పండి మేస్త్రీగారూ,” కూతురు కాగితాలు ఆయన ముందు పెట్టింది. “ఇది చవక. దీని డబ్బా ట్యాంకు కింద కట్టాలి. ఇదేమో ఖరీదు. మొత్తం మూత కిందే ఇమిడిపోతుందట, బయటికేమీ కనపడదు.”

మేస్త్రీ కాగితాల వైపు సరిగ్గా చూడనైనా చూడలేదు. “రెండోదేనమ్మా. మొదటిది తడిస్తే మొరాయిస్తుంది.”

“ఎవరికైనా పెట్టారా?”

“ఒక బండికి పెట్టాను.”

“ఎలా ఉంది?”

“బాగానే ఉంది,” అన్నాడు మేస్త్రీ నేల చూపులు చూస్తూ. “ఆ బండాయనా సంతోషంగానే ఉన్నాడు.”

తండ్రి నవ్వాడు. “ఉంటాడు. చెవుల్లేనివాడికి ఏ చప్పుడైనా ఒకటే. పాయింట్ల బండి చప్పుడు వేరు. నా కళ్లకి గంతలు కట్టు, వీధి చివర బండి పోతుంటే అది ఏ రకమో చెప్తాను.”

మెట్టు మీద కూర్చుని కూతురి సంచికి తెగిన పట్టీ కుడుతున్న తల్లి తలెత్తలేదు. “ఉన్నది ఉన్నట్టు ఇచ్చెయ్యరాదూ? బాగానే నడుస్తోందిగా.”

“చూశావా? మీ అమ్మకున్న జ్ఞానం నీ డిగ్రీకి లేకపోయింది.”

కూతురు కాగితాలు మడిచింది గానీ వదల్లేదు. “ఒక్కమాట నాన్నా. ప్రూఫు చూడకుండా ఏ పేజీ అయినా అచ్చుకి పంపావా నువ్వు?”

ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. తండ్రి లేచాడు.

“మూత తియ్యి మేస్త్రీ. పాయింట్లు అరిగుంటే దీనిష్టం, ఏది కావాలంటే అది పెట్టించుకోనీ. బాగుంటే మాత్రం ఆ కాగితాలు ఇక్కడే చించెయ్యాలి.”

“ఇప్పుడెందుకు సార్? గాలికి దుమ్ము పడుతుంది.”

“ఆకు కదలటం లేదు, గాలేంటి?”

“స్క్రూడ్రైవర్ తేలేదు సార్.”

“నీ జేబులోంచి తొంగి చూస్తున్నదేంటి మరి, తాళంచెవా?”

మేస్త్రీ కదల్లేదు. కూతురే ఆ స్క్రూడ్రైవర్ అందుకుని బండి పక్కన గొంతుక్కూర్చుంది. రెండే స్క్రూలు. మొదటిది సులువుగానే వచ్చింది. రెండోది కాసేపు బిగదీసుకుని, ‘కిర్రు’మని తిరిగింది. మూత ఊడి అరచేతిలో పడింది.

లోపల లోహపు ముక్కలు లేవు. నల్లటి గుండ్రటి పలక ఒకటి, మధ్యలో చిన్న అయస్కాంతం. వాటి మీద ఏళ్ల తరబడి పేరుకున్న సన్నటి ధూళి.

కూతురు రెండో కాగితం విప్పి దాని పక్కన పెట్టింది. అచ్చం అదే బొమ్మ.

తండ్రి కళ్లజోడు సర్దుకుని వంగాడు. బొమ్మ చూశాడు, పలక చూశాడు, మళ్లీ బొమ్మ చూశాడు. చెయ్యి అలవాటుగా జేబులోని రేకు మీదికి వెళ్లింది. సగం పైకి లాగి, కొలవడానికి అక్కడేమీ లేదని గుర్తొచ్చి, మళ్లీ లోపలికి నెట్టాడు. తర్వాత ఇంకో జేబులోంచి బండి తాళం తీసి కూతురి చేతిలో పెట్టాడు.

“ఎవరు పెట్టమన్నారు మేస్త్రీ?”

మేస్త్రీ మెట్టు వైపు చూశాడు.

తల్లి దారం పంటితో తెంపింది. “నేనేనండీ. నాకూ ఇలాగే రెండు రకాలు చెప్పాడు. చవకది వానకి ఆగిపోతుందన్నాడు. ఆగితే మీకేం, పైన కూర్చుని ‘ఇంకాస్త, ఇంకాస్త’ అంటారు. వెనక నుంచి తోసేది నేను కదా.”