గసగసాలంత గింజలు

"అది పాచి కాదు మా, ప్రాణముండేది. మెల్లగా గీకండి."

తూము గట్టు మీద కూర్చున్న ముసలాయన మాటకు నాగవేణికి చిరాకేసింది.

ఐరాల దగ్గరి ఆ చెరువుకు ఆమె తిరుపతి నుంచి బస్సులో వచ్చింది, మంచినీటి స్పాంజి కోసం. తూము రాళ్ళను పట్టుకుని పచ్చగా పెరిగిన ఆ జీవికి లోకంలో ఇంకా ఎవరూ పేరు పెట్టలేదని ఆమె నమ్మకం. కొత్త జాతి అని తేలితే ఆరేళ్ళ పరిశోధనకు పట్టా వస్తుంది.

ముసలాయన ఊరుకోలేదు.

"ఇప్పుడు తీసుకోనిపోతే తేలదు మా. ఎండలకు నీళ్ళు దిగినాక రాండి. అడుగున గసగసాలంత గింజలు పడింటాయి. వాటిని సూస్తేనే ఏ జాతిదో తెలిసేది."

తాతకు దగ్గులు నేర్పడం విన్నాం గానీ, తాతే వచ్చి తనకు స్పాంజిని నేర్పడమేమిటని ఆమె నవ్వుకుంది. గింజల సంగతి ఆమె చదవకపోలేదు. వేసవిదాకా ఆగే ఓపిక లేదు, అంతే.

"ఆరేండ్లుగా దీన్నే సదవతా ఉండా తాతా. నువ్వు నా చెప్పులు కుక్కలెత్తుకోని పోకుండా సూడు, సాలు."

ఒడ్డున బట్టలుతుకుతున్న ఆడవాళ్ళు నవ్వారు. ఆయన ఆమె చెప్పులు పక్కన పెట్టుకుని, ఆమె నీళ్ళలోంచి వచ్చేదాకా కదలకుండా కూర్చున్నాడు.

జూన్‌లో ఆమె వ్యాసం పత్రిక నుంచి తిరిగొచ్చింది. గింజల వివరం లేనిదే కొత్త జాతిగా ఒప్పుకోలేమని రాశారు.

మర్నాడే చెరువుకు పరుగెత్తింది. తూముకు మరమ్మతు జరిగింది. పాత రాళ్ళు తీసేసి సిమెంటు పూశారు. చెరువంతా తిరిగినా స్పాంజి జాడ లేదు.

సిగ్గు చంపుకుని ముసలాయన ఇల్లెక్కడని అడిగింది. కోడలు కృపామణి గుమ్మంలోకి వచ్చింది.

"మామ పోయి నెలయింది మా. తూము పగలగొట్టే ముందురోజు ఎండలో ఆడికి పోయి ఇది గీకి తెచ్చినాడు. తిరుపతి మేడమ్ వస్తాది, ఇయ్యమన్నాడు."

అగ్గిపెట్టె. అందులో ఎండిన స్పాంజి ముక్క, దాన్నిండా గింజలు. పైన పెన్సిల్‌తో రాసిన చీటీ: తేదీ, చెరువు పేరు, నీటి లోతు, రాయి ఏ వైపుదో కూడా.

నాగవేణి తల ఎత్తలేకపోయింది. క్షమించమని అడుగుదామంటే మనిషి లేడు.

తిరుపతికి వచ్చి, తన గైడ్ పంకజాక్షి మేడమ్ ముందు అగ్గిపెట్టె పెట్టి, చెప్పుల సంగతితో సహా ఏదీ దాచకుండా చెప్పింది. మేడమ్ గింజల్ని చూడలేదు. చీటీ తీసుకుని అందులోని అక్షరాలు చూసింది.

"నమూనా సీసాలో వేస్తే స్పిరిట్‌కు సిరా కరిగిపోతాది, పెన్సిల్‌తోనే రాయమ్మా అని నాకు నేర్పింది ఈ చెయ్యే," అంది. "ఎల్లప్ప. మన ల్యాబులో అటెండరుగా ఉండె. నేను కనిపెట్టినానని చెప్పుకునే మూడు జాతుల్నీ మొదట గుర్తుపట్టింది ఆయనే. ఒక్క వ్యాసంలోనూ ఆయన పేరు నేను వెయ్యలేదు."