పాదం వెచ్చగానే ఉంది

ఆటోని గేటు దగ్గరే ఆపి, "ఐదు నిమిషాలు, మా నాన్నని తీసుకొస్తా" అని ఆమె లోపలికి పరుగెత్తింది.

నాన్న మంచం మీద పేపరు చదువుతున్నాడు. ఆయన రిటైరైన బస్ కండక్టర్. కాలు మంచం మీదున్నా నోరు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంటుంది.

"టైముకే వచ్చావు. ఆటో ఎందుకు తల్లీ?"

"ఆస్పత్రికి. పొద్దున నీ మొహం చూస్తే నాకేం బాగా అనిపించలేదు. సెలవు పెట్టేసి వచ్చా."

"మొహం పుట్టినప్పటి నుంచీ ఇంతే. దానికి ఏ డాక్టరూ ఏమీ చెయ్యలేడు."

ఆమె నవ్వలేదు.

ఆ మధ్య ఆయన కాలి ధమనులు దాదాపు పూర్తిగా మూసుకుపోయాయి. పాదానికి రక్తం అందక వేలి మీద పుండు మానలేదు. రక్తాన్ని పైకి మోసుకెళ్లే సిరనే దారి మళ్లించి, దాంట్లోంచి పాదానికి రక్తం పంపుతామన్నాడు సర్జన్.

"అంటే వన్‌వేలో ఎదురు బస్సు తోలతారన్నమాట" అన్నాడు కండక్టర్.

సర్జన్ నవ్వాడు గానీ ఏదీ దాచలేదు. ఆ సిరలో రక్తం గడ్డకట్టవచ్చు. కోసినచోట చీము పట్టవచ్చు. గుండె మీద భారం పడవచ్చు. ఇంత చేసినా కాలు దక్కకపోవచ్చు.

"నన్నిలాగే వదిలెయ్యండి బాబూ" అన్నాడాయన. ఆమె వదల్లేదు. తిండి మానేసింది. మాటలు మానేసింది. చివరికి "నేనంటే నీకు లెక్కే లేదు" అనేసింది. ఆ మాటతో ఆయన ఆపరేషన్ కాగితాల మీద సంతకం పెట్టాడు.

అప్పటి నుంచీ ఆ మాటే ఆమెను పీక్కు తింటోంది. వంటింట్లో కూర్చుని, ఆయనకి వినపడదనుకుని ఏడుస్తుంది. ఒకసారి ఆయన ముందే బయటపడిపోయింది. "నీ కాలికేమైనా అయితే నేను బతకలేను నాన్నా. చేజేతులా చేసింది నేనే."

ఆపరేషన్ అయ్యాక ఇంటికి పంపేటప్పుడు సర్జన్ పదే పదే చెప్పాడు. "పాదం చల్లబడిందంటే సిర మూసుకుపోతున్నట్టు. వెంటనే తీసుకొస్తే మళ్లీ తెరవొచ్చు. ఆలస్యమైతే కాలు తీసెయ్యాల్సిందే."

అందుకే ఆమె పొద్దున, మధ్యాహ్నం, రాత్రి పాదం పట్టుకుని చూస్తుంది. బేకరీలో ఓవెన్ల దగ్గర పనిచేసే చేతులు కదా, వాటికి ఏదైనా చల్లగానే తోస్తుంది. ముందు చన్నీళ్లతో కడుక్కుని, కాసేపు ఆగి, అప్పుడు దుప్పటి ఎత్తుతుంది.

ఇవాళా అలాగే కడుక్కొచ్చింది. పాదం మీద చెయ్యి వేసింది.

వెచ్చగా ఉంది. రెండో పాదం కన్నా వెచ్చగా ఉంది.

"నొప్పి?"

"అసలేమీ తెలియట్లేదు."

"నిజం చెప్పు నాన్నా."

"సర్వీసంతా ఒక్క దొంగ టికెట్ కొట్టినవాణ్ని కాదు. నీ దగ్గర అబద్ధమాడతానా?"

ఆమె ఆ పాదాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కళ్లు తుడుచుకుంది.

"బలవంతపెట్టి నీ ప్రాణం మీదికి తెచ్చానేమో అని రోజూ చస్తున్నాను."

"పిచ్చిదానా! నువ్వు చేసింది మంచిపనే. వెళ్లు, సెలవు దండగ."

ఆమె ఒక్కతే వచ్చి ఆటో ఎక్కింది.

"నాన్నగారు రావట్లేదామ్మా?" అన్నాడు డ్రైవర్.

"అక్కర్లేదు. బాగానే ఉంది. బేకరీకి పోనివ్వు" అంటూ వెనక్కి జారబడి, ఎన్నాళ్లకో తేలిగ్గా ఊపిరి తీసుకుంది.

ఆటో చప్పుడు సందు మలుపు దాటేదాకా చెవి ఒగ్గి విని, నాన్న తన వీపు కింద దాచిన కరెంటు హీటింగ్ ప్యాడ్‌ని బయటికి లాగి, అప్పుడే మళ్లీ చల్లబడిపోతున్న పాదానికి చుట్టి, రాత్రి ఆమె వచ్చే ముందు స్విచ్ వేసుకోవడానికి ఫోన్‌లో అలారం పెట్టుకున్నాడు.