సగంలో ఆగిన రేకు

"అమ్మా, ఇప్పుడెక్కడ కారుతోంది?" ఇంటి కప్పు మీద నుంచి వడ్రంగి ఒజ్వాంగ్ అరిచాడు.

"అక్కడే! మంచం నడిమధ్యనే!" గదిలోంచి హెల్వి అంతకంటే గట్టిగా అరిచింది.

రేకు మీద సుత్తి దెబ్బలు మళ్లీ మొదలయ్యాయి. ఆమె మంచం మీది బేసిన్ ఎత్తి నీళ్లు బయట పారబోసి వచ్చింది. కిసుము పట్నం ఆసుపత్రిలో ఆమె భర్త ఎయినోకి మూత్రపిండంలో రాయి తీశారు. ఆపరేషను బాగా జరిగింది, రేపు పంపించేస్తామని డాక్టరు చెప్పాకే, ఇల్లు సర్దుదామని ఆమె ముందుగా వచ్చేసింది. వచ్చి చూస్తే గాలివానకు రేకులు లేచిపోయి పరుపంతా తడిసి ముద్దయింది. పచ్చి కుట్లతో వచ్చే మనిషిని ఈ గదిలో ఎలా పడుకోబెట్టడం?

మామూలుగా అయితే పైకి ఎక్కాల్సింది ఎయినోనే. ఈ దంపతులు ఫిన్లండ్ నుంచి ఈ సరస్సు ఒడ్డు ఊరికి సువార్త చెప్పడానికి వచ్చారన్న మాటేగానీ, పాస్టరుగారి చేతిలో బైబిలు కంటే పట్టకారే ఎక్కువసేపు ఉంటుంది. బడి గంట, బావి పంపు, కిరోసిన్ ఫ్రిజ్, పక్కింటివాళ్ల తలుపు గొళ్లెం, ఏది పాడైనా ఆయన దగ్గరికే. పాత సైకిలు ట్యూబు కత్తిరించి ఆయన చేసిపెట్టిన రబ్బరు బిళ్లల్నే ఒజ్వాంగ్ ఇప్పుడు మేకుల కింద వేస్తున్నాడు.

సుత్తి చప్పుడు ఆగిపోయింది.

హెల్వి బయటికొచ్చేసరికి సంఘపెద్ద ఒగుటు నిచ్చెన కింద నిలబడి ఉన్నాడు. ఒజ్వాంగ్ దిగి, నిచ్చెన భుజానికెత్తుకుంటున్నాడు.

"అదేమిటి? ఇంకో రేకు ఉందిగా!"

"భుజం పట్టేసిందమ్మా."

"భుజం పట్టేసినవాడివి నిచ్చెన మోస్తావా?"

అతను నేల చూపులు చూస్తూ వెళ్లిపోయాడు.

"ఒగుటు గారూ, మీరైనా చెప్పండి. సరస్సు మీద మబ్బు చూశారా? ఇంకెవరినైనా పంపండి."

"చూద్దాం తల్లీ."

"ఆసుపత్రి నుంచి మీ ఫోనుకి ఏమైనా కబురొచ్చిందా? ఎండ లేక సోలారు పలక పనిచేయట్లేదు, నా ఫోనుకి చార్జింగే లేదు."

"పాస్టరుగారు రేపు వస్తున్నారు. బండి కూడా మాట్లాడాం" అన్నాడు ఒగుటు, మబ్బుకేసి చూస్తూ.

హెల్వి తానే ఊళ్లోకి బయల్దేరింది. పోయిన వానలకు చూరు గొట్టం ఊడితే పిలవకుండానే నలుగురు పరుగెత్తుకొచ్చిన ఊరు అది. ఇవాళ ఒకడికి మేక ఈనుతోందట, ఇంకొకడికి వల చిరిగిందట. సాకులకేం కరువు! వట్టి చేతులతో వెనక్కి వచ్చింది.

వచ్చేసరికి వాకిట్లో మగవాళ్లు పెద్ద పెద్ద దుంగలు దించుతున్నారు. వాళ్లలో ఒజ్వాంగ్ కూడా ఉన్నాడు.

"ఎందుకింత కలప?" అంది.

"రేపు చాలామంది వస్తారమ్మా" అన్నాడెవరో.

"విందుకి దుంగలు మోయడానికైతే భుజాలు బాగానే పనిచేస్తున్నాయే!"

ఒజ్వాంగ్ తల ఇంకా వంచుకున్నాడు.

ఆడవాళ్లు అంబలి కుండలూ చాపలూ తెచ్చి వసారాలో కూర్చున్నారు. ఒక్కరూ పాట ఎత్తలేదు. తన కోపం చూసి జంకారనుకుంది హెల్వి. స్వాగతానికి ఊరంతా సిద్ధమే, ఆ వచ్చే మనిషికి తడి లేని మంచం మాత్రం ఎవరికీ పట్టదు! 'ఎన్నేళ్లున్నా మనం వీళ్లకి బయటివాళ్లమే ఎయినో' అనుకుంది. ఆమెకు ఏడుపొచ్చింది.

మొదటి చినుకు పడగానే వంటగదిలోంచి బల్ల చూరు కిందికి ఈడ్చుకొచ్చి, దాని మీద కుర్చీ వేసి, సుత్తి పట్టుకుని బల్లెక్కింది. వెనక నుంచి ఎవరో చెయ్యి పట్టుకున్నారు. ఊళ్లో అందరికంటే పెద్దదైన పెరెస్ అవ్వ. పొరుగు పల్లెకి వెళ్లినది, కర్ర ఊతంతో అప్పుడే తిరిగొచ్చింది.

"దిగు బిడ్డా."

"దిగను అవ్వా. మీ మగాళ్లంతా నాకు మొండిచెయ్యి చూపించారు. వాళ్ల పనులన్నీ చేసిపెట్టిన మనిషి కోసం ఒక్క మేకు కొట్టలేరా? మీకు మేమేం పాపం చేశాం?"

అవ్వ సుత్తి తీసి పక్కన పెట్టింది. హెల్వి రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. వసారాలో ఆడవాళ్లందరూ లేచి నిలబడ్డారు.

"మనలో, భర్త పోయిన ఆడదాని ఇంటి కప్పుని పరాయి మగాడు ముట్టుకోడు తల్లీ."